పోలీసు నోట్లో పెట్టిన ప్రశ్న: 'సఫ్రజెట్' సినిమా గురించి

ఇంగ్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం జరిగిన పోరాటం మీద 2015లో వచ్చిన 'సఫ్రజెట్' సినిమాను మేము రెండుసార్లు చూశాం. మొదటిసారి యూనివర్సిటీ హాస్టల్లో, పదిమంది రీసెర్చి స్కాలర్లతో కలిసి. సినిమా అయిపోయాక అర్ధరాత్రి దాకా చర్చ నడిచింది. అద్దాలు పగలగొట్టడం సరైనదా కాదా, ప్రాణత్యాగం అవసరమా కాదా, ఇట్లా. రెండోసారి పండుగకు ఊరికి పోయినప్పుడు మా అమ్మను లాప్‌టాప్ ముందర కూర్చోబెట్టుకొని, ఇంగ్లీషు మాటలు వచ్చినచోటల్లా ఆపి తెలుగులో చెప్తూ చూశాం. మా అమ్మ కూలికి పోతది. బడి మొఖం చూడలేదు. సినిమా సగంలో ఆమె ఒక్క మాట అడిగింది: "పని పాయె. మొగుడు ఇంట్లకెల్లి ఎల్లగొట్టె. మరి ఆ పిల్ల పొద్దుమీకి ఏం తినబట్టె?"

హాస్టల్లో ఉన్న పదిమందిమీ కూలోళ్ళ పిల్లలమే. అయినా మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తోచలేదు. చదువు మాకు ఇచ్చినదేమిటో, మా దగ్గరినుంచి తీసుకున్నదేమిటో ఆ రోజు కొంత అర్థమయింది. ఈ వ్యాసానికి మొదలు ఆ ప్రశ్నే.

ముందు సినిమా చేసిన మంచి పని చెప్పాలి

దర్శకురాలు శారా గావ్రన్, రచయిత్రి అబి మోర్గాన్. స్త్రీల ఓటు చరిత్ర అంటే పాంక్‌హర్స్ట్ కుటుంబం చరిత్ర అని రాసే అలవాటు అక్కడ చాలాకాలంగా ఉన్నది. ఈ సినిమా ఆ అలవాటును కొంత పక్కకు నెట్టింది. కథ నడిచేది ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ చుట్టూ కాదు, మాడ్ వాట్స్ అనే కల్పిత పాత్ర చుట్టూ. తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో లాండ్రీ కూలి ఆమె. కాలం 1912, 1913. కేరీ మలిగన్ ఆ పాత్ర వేసింది. పెద్ద నటి మెరిల్ స్ట్రీప్ వేసిన పాంక్‌హర్స్ట్ పాత్ర కాసేపు బాల్కనీలో కనిపించి, ఉపన్యాసం చెప్పి మాయమవుతుంది.

సినిమా మొదలవుడే లాండ్రీతో మొదలవుతుంది. ఆవిరి, వేడినీళ్ళు, తడిబట్టల బరువు. పార్లమెంటు కమిటీ ముందర, లాయిడ్ జార్జ్ ఎదుట, మాడ్ తన బతుకు చెప్పే సన్నివేశం ఈ సినిమాకు గుండెకాయ. నిజానికి ఆ రోజు చెప్పాల్సింది మాడ్ కాదు, తోటి కూలి వయొలెట్. ఆమెను మొగుడు కొట్టి మొహం వాచేలా చేస్తే, అప్పటికప్పుడు మాడ్ నిలబడాల్సి వచ్చింది. ఆమె ఉపన్యాసం ఏమీ ఇవ్వదు. తల్లి తనను వీపుకు కట్టుకొని ఇదే లాండ్రీలో పనిచేసిందని, మరిగే నీళ్ళ తొట్టి ఒరిగి మీద పడి చచ్చిపోయిందని, అప్పటికి తనకు నాలుగేళ్ళని, ఏడేళ్ళకే పనిలో చేరానని చెప్తుంది. ఆడవాళ్ళకు కూలి తక్కువ, గంటలు ఎక్కువ అని లెక్క చెప్తుంది. ఓటు వస్తే నీకేం ఒరుగుతుంది అని అడిగితే, వస్తదనుకోలేదు కాబట్టి ఆలోచించలేదనే అర్థంలో జవాబిస్తుంది. ఏ పుస్తకంలోంచీ తెచ్చుకున్న మాట కాదది. తమకు దక్కదని చిన్నప్పటినుంచీ తెలిసినదాని గురించి మనవాళ్ళు కూడా అట్లానే మాట్లాడతారు. ఈ ఒక్క సన్నివేశం కోసమైనా సినిమా చూడాలని మేమంటాం.

లాండ్రీ యజమాని టేలర్ చిన్నపిల్లలను చెరుస్తాడు. ఒకప్పుడు మాడ్‌ను, ఇప్పుడు వయొలెట్ కూతురు మ్యాగీని. ఇది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. పని పోతదని భయం. మాడ్ ఒకనాడు కాలే ఇస్త్రీపెట్టెతో వాడి చెయ్యి కాలుస్తుంది. ఓటు అనే మాట కూలిపిల్ల ఒంటికి ఏమవుతుందో సినిమా ఇక్కడ సూటిగా చెప్పగలిగింది.

ఒక తేడా మాత్రం మరువొద్దు. మన దగ్గర బట్టలుతకడం కులానికి కట్టిన పని. ఊరందరి మైల మోసినా ఊరివాళ్ళతో సమానం కాని పని. మాడ్‌ది పుట్టుకతోనే లాండ్రీ బతుకైనా అది కూలి, కులం కాదు. ఆమె ముట్టుకున్న చొక్కా మైలపడదు. వర్గాన్నీ కులాన్నీ ఒకటే తక్కెడలో వేసి తూచే పని మేము ఇక్కడ చెయ్యడం లేదు. కానీ ఉద్యమంలో కింది మనిషి స్థానం ఏమిటనే ప్రశ్న మాత్రం ఇద్దరిదీ.

బెయిలు, పనిమనిషి

పైవర్గం స్త్రీకీ కూలి స్త్రీకీ మధ్య ఉన్న తేడాను సినిమా దాచలేదు. ఆలిస్ హాటన్ ఒక ఎంపీ భార్య. లాండ్రీ గేటు దగ్గర నిలబడి కూలి స్త్రీలను సాక్ష్యానికి పిలిచింది ఆమే. నిరసనలో అందరూ ఒకటే దెబ్బలు తిని ఒకటే వ్యాన్లో ఎక్కుతారు. స్టేషన్‌లో మాత్రం ఆలిస్‌కు భర్త వచ్చి బెయిలు కడతాడు. మిగిలినవాళ్ళకూ కట్టమని, ఆ డబ్బు తనదేనని ఆలిస్ అంటుంది. ఆయన కట్టడు. డబ్బు ఆమెదే, చెయ్యి మాత్రం ఆయనది. ఆలిస్ ఇంటికి పోతుంది, మాడ్ జైలుకు పోతుంది. ఈ సన్నివేశంలో రెండు సంగతులున్నాయి. పైవర్గం స్త్రీకి కూడా స్వాతంత్ర్యం లేదు. అయినా ఆ రాత్రి ఆమె పడుకునేది పరుపు మీద. చూసిన చాలామందికి మొదటి సంగతి గుర్తున్నది, రెండోది గుర్తులేదు.

మ్యాగీ కథ ముగిసే తీరు ఇంకా ముఖ్యం. సినిమా చివర్లో మాడ్ లాండ్రీకి పోయి మ్యాగీ చెయ్యి పట్టుకొని బయటకు తీసుకొస్తుంది. టేలర్ చేతుల్లోంచి పిల్ల బయటపడింది. మంచిదే. ఎక్కడికి తీసుకుపోయింది? ఆలిస్ ఇంటికి. ఎందుకు? ఆ ఇంట్లో పనికి. సంగీతం విముక్తి సంగీతమే. తెర మీద జరుగుతున్నది మాత్రం ఒక కూలిపిల్ల లాండ్రీ పని వదిలి దొరసాని ఇంట్లో పనిపిల్ల కావడం. సినిమా ఈ సంగతిని గమనించనట్టే ముందుకు పోతుంది. మన ఊళ్ళనుంచి పట్నానికి, చదువుకున్నవాళ్ళ ఇళ్ళకు, అభ్యుదయవాదుల ఇళ్ళకు కూడా, 'బాగుపడతది' అని పంపిన ఆడపిల్లలు మనకు ఎంతమంది తెలియదు? ఈ సన్నివేశం దగ్గర మా అమ్మ ఏమీ అనలేదు. చిన్నతనంలో ఆమె రెండేండ్లు అట్లా ఒక ఇంట్లో ఉన్నది.

అడగాల్సిన ప్రశ్న ఎవరు అడిగారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇన్స్పెక్టర్ స్టీడ్ అనే పోలీసు అధికారి ఉద్యమకారిణుల మీద నిఘా పెడతాడు. మాడ్‌ను ఇన్ఫార్మర్‌గా మార్చాలని చూస్తాడు. అప్పుడు ఆమెతో అనే మాటల సారం ఇది: ఆ పెద్దింటి ఆడవాళ్ళు నీలాంటి పిల్లలనే వెతుక్కుంటారు, డబ్బులేనివాళ్ళను, ఇంతకంటే మంచి బతుకు కావాలనుకునేవాళ్ళను. ముందువరసలో దెబ్బలకు నిలబెట్టేది నిన్నే. నీ మాట వినే నాథుడు లేడు.

పోలీసు ఎందుకు ఇట్లా మాట్లాడతాడో మనకు తెలియనిది కాదు. ఉద్యమాన్ని చీల్చడానికి. మాడ్ లొంగదు. నేనూ నా పక్షాన సిపాయినే, నువ్వూ నీ పక్షాన సిపాయివే, నేను నమ్మినదానికి ద్రోహం చెయ్యను అని జాబు రాస్తుంది. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. మేమూ కొట్టాం.

కానీ కాస్త ఆగి ఆలోచిస్తే, స్టీడ్ చెప్పిన దాంట్లో అబద్ధం ఎంత? మాడ్ పని పోయింది. ఇల్లు పోయింది. మొగుడు సోనీ కొడుకు జార్జ్‌ను డబ్బున్న దంపతులకు దత్తత ఇచ్చేస్తే, తల్లికి అడ్డుపడే హక్కు చట్టంలో లేదు. ఇంత పోగొట్టుకున్నవాళ్ళు పై వరసలో ఒక్కరైనా ఉన్నారా? ఈ ప్రశ్న న్యాయమైనది. అయినా సినిమా మొత్తంలో దీన్ని సూటిగా పలికే నోరు ఒక్కటే, పోలీసు నోరు. వయొలెట్ అడగదు. మాడ్ అడగదు. బాల్కనీ కింద నిలబడ్డ ఏ కూలి స్త్రీ కూడా తల పైకెత్తి, మమ్మల్ని ముందుకు పొమ్మంటున్నారు, మీరెక్కడుంటారు అని అడగదు. శత్రువు నోట్లో పెట్టడంతో ప్రశ్నే శత్రువుదైపోయింది. ఇక దాన్ని ఎవరు ఎత్తినా ద్రోహం కిందికే వస్తుంది.

సినిమాతో మా పేచీ ఇదే. ప్రశ్నను దాచిపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో తవ్వి తీస్తారు. శత్రువు నోట్లో పెడితే ముట్టుకోవడానికే భయపడతారు.

ప్రశ్న లోపలినుంచే వచ్చింది

సినిమావాళ్ళు ఒక మాట అనొచ్చు: ఆ కాలంలో కూలి స్త్రీలకు అంత చైతన్యం ఎక్కడిది? చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు.

పాంక్‌హర్స్ట్ సంస్థ, అంటే విమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్, పుట్టింది 1903లో మాంచెస్టర్‌లో. దానికి రెండేళ్ళ ముందే, 1901లో, లంకషైర్ నూలు మిల్లుల స్త్రీలు మిల్లు గేట్ల దగ్గర దాదాపు 30 వేల సంతకాలు పోగుచేసి ఓటు కావాలని పార్లమెంటుకు పట్టుకుపోయారు. పోయినవాళ్ళలో సెలీనా కూపర్ ఉన్నది, పదేళ్ళకే మిల్లులో చేరిన మనిషి. 

క్రూ పట్టణంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడి కూలి అన్యాయాల మీద పత్రికకు పేరు చెప్పకుండా ఉత్తరాలు రాసి ఉద్యోగం పోగొట్టుకున్న ఎడా నీల్డ్ చ్యూ 1904లో అసలు సంగతి పట్టుకున్నది. పాంక్‌హర్స్ట్‌లు అడిగింది 'మగవాళ్ళకు ఏ షరతుల మీద ఉన్నదో అవే షరతుల మీద ఓటు'. వినడానికి సమానత్వమే. ఆ రోజుల్లో మగవాళ్ళ ఓటుకే ఇల్లు, అద్దె, ఆస్తి షరతులున్నాయి. 1918కి ముందు వయసొచ్చిన మగవాళ్ళలోనే దాదాపు ఐదుగురిలో ఇద్దరికి ఓటు లేదు. అవే షరతులు స్త్రీలకూ పెడితే వచ్చేది ఆస్తి ఉన్న ఆడవాళ్ళకు. మిల్లు కూలికి కాదు, ఇంట్లో పనిమనిషికి కాదు. క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌తో పత్రికలోనే ఈ వాదన పెట్టుకున్నది ఆమె. స్టీడ్ అడిగినదానికంటే పదునైన ప్రశ్న ఇది, ఉద్యమం లోపలినుంచి, ఒక ఫ్యాక్టరీ కూలి నోటినుంచి వచ్చింది.

సినిమా కథ జరిగే 1912లోనే, మాడ్ బస్తీకి కూతవేటు దూరంలో, సిల్వియా పాంక్‌హర్స్ట్ బో రోడ్డులో మూతపడ్డ రొట్టెల దుకాణం అద్దెకు తీసుకొని కూలి స్త్రీలను కూడగట్టడం మొదలుపెట్టింది. అదే తూర్పు లండన్ ఫెడరేషన్ అయింది. అందులో కూలివాళ్ళు ముందువరస సిపాయిలుగా మాత్రమే లేరు, సభల్లో మాట్లాడేవాళ్ళుగా, నడిపేవాళ్ళుగా ఉన్నారు. మగవాళ్ళూ రావొచ్చు. అడిగింది అందరికీ ఓటు. 1914 జనవరిలో తల్లీ అక్కా కలిసి సిల్వియాను సంస్థలోంచి బయటకు పంపారు. కూలి స్త్రీలు ఆడజాతిలోనే బలహీనమైన భాగమని, వాళ్ళను నమ్ముకొని పోరాటం నడపలేమని క్రిస్టబెల్ అన్నట్టు సిల్వియా తర్వాత రాసింది. 1914 జూన్‌లో తూర్పు లండన్ కూలి స్త్రీలు ఆరుగురు ప్రధానమంత్రి యాస్క్విత్‌ను కలిశారు. బ్రష్షులు చేసి బతికే ఒక స్త్రీ తను చేసిన బ్రష్షును ఆయన ముందర బల్లమీద పెట్టి, దానికి ఎంత కూలి వస్తదో చెప్పింది. సినిమాలో మాడ్ ఒక్కతే, అదీ అనుకోకుండా, కమిటీ ముందర నిలబడుతుంది. చరిత్రలో ఆరుగురు కలిసి, తమ సంఘం పంపితే, పోయి నిలబడ్డారు. తేడా చిన్నది కాదు.

ఇక మా అమ్మ అడిగిన ప్రశ్న. ఆ పిల్ల ఏం తిన్నది? సినిమాలో జవాబు లేదు. తూర్పు లండన్ ఫెడరేషన్ దగ్గర ఉన్నది. 1914లో యుద్ధం రాగానే పెద్ద పాంక్‌హర్స్ట్ ఉద్యమం ఆపేసి సర్కారు పక్షం చేరింది. సిల్వియావాళ్ళు చవక ధరకు అన్నం పెట్టే హోటళ్ళు నడిపారు, పిల్లలకు పాలు పంచారు, పని పోయిన స్త్రీల కోసం బొమ్మల ఫ్యాక్టరీ పెట్టారు, ఒక పాత సారా దుకాణాన్ని పసిపిల్లల కేంద్రంగా మార్చారు. ఓటును, పూట తిండిని వాళ్ళు వేరుచేసి చూడలేదు. పూట గడవనివాళ్ళ ఉద్యమం అట్లానే నడుస్తది. సిల్వియా తెరమీదికి రాకపోవడం ఒక పాత్ర తగ్గడం కాదు. ఆమెతోపాటు ఆ హోటళ్ళూ, ఆ ఆరుగురు స్త్రీలూ, ఆ ప్రశ్నా అన్నీ పోయాయి.

మాడ్‌కు ఓటు వచ్చిందా?

సినిమా చివర తెరమీద అక్షరాలు వస్తాయి: 1918లో 30 ఏళ్ళు దాటిన కొందరు స్త్రీలకు ఓటు, 1925లో పిల్లల మీద తల్లుల హక్కుకు చట్టం గుర్తింపు, 1928లో మగవాళ్ళతో సమానంగా ఓటు.

లెక్క వేసి చూద్దాం. సినిమాలో మాడ్‌కు 1912లో 24 ఏళ్ళు. 1918కి 30. వయసు సరిపోయింది. కానీ ఆ చట్టం వయసు ఒక్కటే అడగలేదు. ఆ స్త్రీకి తన పేరున ఇల్లో జాగో ఉండాలి, లేకపోతే అట్లాంటి అర్హత ఉన్న మొగుడుండాలి. మాడ్‌కు ఇల్లు లేదు. ఉన్న ఒక్క దారి సోనీ, ఆమెను వీధిలోకి నెట్టిన మనిషి. అంటే 1918లో మాడ్‌కు ఓటు వచ్చినా ఆ మొగుడి పేరుమీద రావాలి, లేకపోతే ఇంకో పదేళ్ళు ఆగాలి. ఆలిస్‌కు ఆ ఇబ్బంది లేదు. 1918లో ఓటు వచ్చిన 84 లక్షల మంది స్త్రీలలో ఆలిస్ తప్పకుండా ఉండి ఉంటుంది, మాడ్ ఉండడం అనుమానమే. అదే చట్టం 21 ఏళ్ళు నిండిన మగవాళ్ళకు ఆస్తి అడగకుండా ఓటు ఇచ్చింది. ఎడా నీల్డ్ చ్యూ 1904లో భయపడినట్టే అయింది. సినిమాకు ఈ లెక్క చెప్పే అవకాశం ఉన్నది. విజయోత్సవం పాడవుతదని చెప్పలేదు.

1925 నాటి చట్టం వచ్చేనాటికి జార్జ్ పెద్దవాడైపోయి ఉంటాడు. సినిమా అయిపోయాక మా అమ్మ అడిగిన రెండో మాట, "కొడుకు మల్ల దొరికిండా?" అని. లేదని చెప్పాం. "మరి గెలిచింది ఎవలు?" అన్నది.

రెండు చావులు

కథ ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ చావుతో ముగుస్తుంది. 1913 జూన్ 4న ఎప్సమ్ గుర్రప్పందెంలో రాజు గుర్రానికి ఎదురుపోయి, నాలుగు రోజులకు కన్నుమూసిన మనిషి. లండన్‌లో ఆమె అంతిమయాత్రకు వేలమంది వచ్చారు. అప్పటి అసలు చిత్రాలను సినిమా చివర చూపించారు. ఆ త్యాగాన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కానీ సినిమాలో ఇంకో చావు కూడా ఉన్నది. మాడ్ తల్లి చావు. తొట్టి ఒరిగి, మరిగే నీళ్ళు పడి. దానికి బొమ్మ లేదు, ఊరేగింపు లేదు, ఒక్క వాక్యంలో అయిపోయింది. డేవిసన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న మనిషి, తన చావును ఒక అర్థానికి ముడిపెట్టగలిగింది. లాండ్రీ కూలి చావుకు ప్రమాదం అనే పేరే మిగిలింది. సినిమా ఆఖరి మాట మాడ్ తల్లి దగ్గరికి తిరిగిపోయి ఉంటే, ఇది ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

జాబితాలో లేనివాళ్ళు

ఆ తర్వాత తెరమీద ఏ దేశంలో ఏ ఏడు స్త్రీలకు ఓటు వచ్చిందో జాబితా కదులుతుంది. ఆస్ట్రేలియా 1902, అమెరికా 1920. ఆస్ట్రేలియాలో 1902 నాటి చట్టమే ఆదివాసులను బయటికి నెట్టింది. ఫెడరల్ ఎన్నికల్లో వాళ్ళందరికీ ఓటు 1962 దాకా రాలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలకు 1965 చట్టం దాకా ఓటు కాగితం మీదనే. జాబితాలో ఒక్కో దేశానికి ఒక్కటే సంవత్సరం. అంటే ఆ దేశంలో పైవాళ్ళకు వచ్చిన రోజే అందరికీ వచ్చిన రోజు. సినిమా ప్రచారం కోసం 2015లో ఒక లండన్ పత్రికకు నటీమణులు తొడుక్కున్న టీషర్టుల మీద, బానిసగా ఉండడంకన్నా తిరుగుబాటుదారుగా ఉండడం మేలనే అర్థం వచ్చే పాంక్‌హర్స్ట్ మాట అచ్చువేశారు. తెల్లవాళ్ళ ఒంటిమీద ఆ మాట చూసి నల్లజాతి స్త్రీలు మండిపడ్డారు. బానిసత్వం మేము ఎంచుకున్నదా అని అడిగారు. న్యాయమైన కోపం.

సినిమాలో నల్లమనిషి గాని, ఇండియా మనిషి గాని లేకపోవడం మీద కూడా విమర్శ వచ్చింది. 1910 నవంబరులో పార్లమెంటు మీదికి నడిచినవాళ్ళలో సోఫియా దులీప్‌సింగ్ ఉన్నది. ఆమె ఉండాల్సిందే. కానీ మాకు అదొక్కటే చాలదు. ఆమె పంజాబు మహారాజు కూతురు. రాకుమారి బొమ్మ చేర్చినంతమాత్రాన జాబితా నిండదు. మన తరఫున ఎవరో ఒక పెద్దింటామెను నిలబెట్టి, ఇండియాకూ చోటిచ్చామనడం మనకు అలవాటైన విద్యే.

హాలోవే జైలునుంచి అడయార్ దాకా

ఈ కథకు మన నేలతో నిజమైన చుట్టరికం ఒకటున్నది. ఓటు పోరాటంలో అద్దాలు పగలగొట్టి 1910లో లండన్ హాలోవే జైలుకు పోయిన ఐరిష్ స్త్రీ మార్గరెట్ కజిన్స్ తర్వాత మద్రాసు వచ్చింది. 1917లో అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. ఆ ఏడు డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మాంటేగును కలిసింది. అడిగింది ఏమిటి? మగవాళ్ళకు ఏ షరతుల మీద ఉన్నదో అవే షరతుల మీద. మాంచెస్టర్‌లో తయారైన మాట మాటగానే ఇక్కడికి దిగింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ 1921లో ఆ హక్కు ఇచ్చింది. ఆస్తి షరతు అట్లానే ఉన్నది. 1935 చట్టం ఇంకొంత పెంచింది: ఆస్తి, చదువు, లేకపోతే ఓటున్న మొగుడికి పెళ్ళాం కావడం. మాలమాదిగ పల్లెల్లో ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఎంతమంది ఆడవాళ్ళకు ఉన్నది? మొగుడికే భూమి లేనప్పుడు మొగుడి పేరుమీద వచ్చే ఓటు ఎక్కడిది?

ఇక్కడ కూడా ఆ ప్రశ్న లోపలినుంచి వచ్చింది. 1919లో సౌత్‌బరో కమిటీ ముందర అంబేద్కర్ ఆస్తి షరతు అంటరానివాళ్ళను ఎట్లా ఓటర్ల లెక్కలోంచి తుడిచేస్తదో చెప్పాడు. 1928లో సైమన్ కమిషన్ ముందర వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అడిగాడు. ఎవరికి రక్షణ ఎక్కువ అవసరమో వాళ్ళకే ఓటు ముందుగా కావాలన్నది ఆయన వాదన సారం. 1942 జులైలో నాగపూర్‌లో సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షతన జరిగిన అణగారిన కులాల మహిళా మహాసభలో వేలాదిమంది స్త్రీలు విడాకుల హక్కు, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళకు సెలవులు, చట్టసభల్లో తమకు సీట్లు అన్నీ ఒకే వేదిక మీద అడిగారు. ఓటునూ పూటనూ విడదీయని పద్ధతే ఇదీ. మనకు వయోజన ఓటు వచ్చింది రాజ్యాంగంతో. అప్పుడు కూడా 1951-52 మొదటి ఎన్నికలప్పుడు ఉత్తరాదిన దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి కూతురు అనే తప్ప సొంత పేరు రాయించుకోలేదు వాళ్ళు.

మన దగ్గర పోలీసు ఎవరు?

1996లో చట్టసభల్లో స్త్రీలకు మూడోవంతు సీట్ల బిల్లు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ సీట్లలో ఆ కులాల స్త్రీలకు మూడోవంతు ఉన్నది. వెనుకబడిన కులాల స్త్రీలకు, ముస్లిం స్త్రీలకు ఏమీ లేదు. వాళ్ళ వాటా ఏదని దళిత బహుజన స్త్రీలు అడిగారు. ఎడా నీల్డ్ చ్యూ ప్రశ్నే అది. కానీ పార్లమెంటులో ఆ ప్రశ్న గట్టిగా వినిపించింది మగ నాయకుల నోటినుంచి. జుట్టు కత్తిరించుకున్న ఆడవాళ్ళ కోసమే ఈ బిల్లు అని ఎగతాళి చేసినవాళ్ళ నోటినుంచి. వాళ్ళలో చాలామందికి కావాల్సింది వాటా కాదు, బిల్లు ఆగిపోవడం. దాంతో ఏమయింది? వాటా అడిగిన మన ఆడవాళ్ళను కూడా, మీరు మగవాళ్ళ మాట మాట్లాడుతున్నారు, ఉద్యమాన్ని చీలుస్తున్నారు అన్నారు. స్టీడ్ నోట్లో పెట్టిన ప్రశ్నను మాడ్ ఎత్తుకుంటే ఏమంటారో అదే అన్నారు. 2023లో 106వ సవరణగా చట్టం చేసినప్పుడు కూడా ఆ వాటా లేకుండానే చేశారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయినాకే అమలు అని అందులోనే రాశారు.

శత్రువు పలికినంతమాత్రాన ప్రశ్న శత్రువుది కాదు. ఈ ఒక్క మాట కోసం ఇంత రాశాం. స్టీడ్‌కు లొంగకపోవడం సరైనదే. స్టీడ్ అడిగాడు కాబట్టి మనం అడగకూడదనుకోవడం తప్పు. అడగాల్సింది ఆయనతో కలిసి స్టేషన్‌లో కాదు, బాల్కనీ కింద నిలబడి, మనవాళ్ళ మధ్యనే.

ఈ సినిమాను కాలేజీల్లో, సంఘాల్లో చూపించాలనే మా కోరిక. చూపించాక చర్చ హింస, అహింస దగ్గర ఆగకూడదు. ఈ ప్రశ్నను పోలీసు తప్ప ఇంకెవరూ ఎందుకు అడగలేదని విద్యార్థులను అడగాలి. అట్లానే మన సభలకు కూడా ఒక లెక్క పెట్టుకోవాలి: మాట్లాడేది ఎవరు, కుర్చీలు సర్దేది ఎవరు, కేసులు పడేది ఎవరి మీద, కేసు పడ్డాక ఆ ఇంటికి బియ్యం ఎవరు పంపుతున్నారు. మా దళిత సంఘాలు కూడా ఈ లెక్కకు బయట లేవు. మా సభల్లో కూడా టీలు అందించేది ఇప్పటికీ ఎక్కువగా ఆడపిల్లలే, స్టేజి మీద కుర్చీలు ఎక్కువగా మగవాళ్ళవే. పొద్దుమీకి ఏం తిన్నదని మా అమ్మ అడిగింది మాడ్ గురించి. మన సంఘాల్లో తిరిగే పిల్లల గురించి అదే మాట అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి.